సిక్లిడ్ ట్యాంకులో ఏ చేప పక్కన ఏ చేప ఇముడుతుంది: నా అనుభవం

ఎల్లో ల్యాబ్, రెడ్ జీబ్రా, ఆరటస్, కెన్యీ, డెమసోనీ, సోకోలోఫీ, ఎసీ. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న ట్యాంకు కోసం నేను మొదట రాసుకున్న జాబితా ఇది. ఏడూ ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలే. ఏడూ ఎంబూనాలే, అంటే ఆ సరస్సు రాళ్ల దగ్గర బతికే సిక్లిడ్ల వర్గం. ఏడింటికీ ఒకే నీళ్లు సరిపోతాయి. కాగితం మీద ఇంతకన్నా పొందికైన గుంపు దొరకదు. అయినా ఇందులో నాలుగు రకాలు కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో, మిగిలిన మూడింటిని ఎన్నెన్ని, ఎలా దింపానో, ఎక్కడ లెక్క తప్పానో వరసగా రాస్తాను.

మలావి వైపే ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. సిక్లిడ్ అంటే ఒక చేప పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, కన్విక్ట్ అన్నీ సిక్లిడ్లే. "అన్నీ సిక్లిడ్లే కదా, కలిసిపోతాయి" అనుకుని కొనేవాళ్లు చాలామంది. ఏంజెల్, డిస్కస్‌లు అమెజాన్ పరీవాహకంలోవి. వాటికి ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, పీహెచ్ 7 లేదా కాస్త తక్కువ కావాలి. మలావి చేపలకు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లు, పీహెచ్ 7.8 నుంచి 8.6 దాకా కావాలి. సగం సగం సర్దుదామంటే రెండు వర్గాలూ నలిగిపోతాయి.

నీళ్లకన్నా పెద్ద తేడా పిల్లల్ని పెంచే తీరులో ఉంది. నా దృష్టిలో జోడీలు కలవడం, కలవకపోవడం ఇక్కడే తేలిపోతుంది. కన్విక్ట్ లాంటివి రాయి మీదో గుహలోనో గుడ్లు పెట్టి, ఆడా మగా కలిసి వారాల తరబడి కాపలా కాస్తాయి. నాలుగడుగుల ట్యాంకులో ఒక కన్విక్ట్ జంట గుడ్లు పెట్టిందంటే మిగతా చేపలన్నీ ఒక మూలకు చేరి బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. ఎంబూనాల తీరు వేరు. ఆడది గుడ్లు పెట్టిన వెంటనే నోట్లోకి తీసుకుని తన దారిన పోతుంది. మగది కాపాడుకునేది తన రాయి, దాని ముందున్న కాస్త ఇసుక, అంతే. అందుకే వీటి కొట్లాటలు ఎక్కువే అయినా పొట్టివి. ఒక్కో కొట్లాట రెండు మూడు సెకన్లలో ముగిసి ఇంకో చోట మొదలవుతుంది. ట్యాంకు నిండా చేపలు పెట్టుకునే వీలు ఈ అలవాటు వల్లే వచ్చింది.

ఇక కొట్టివేతలు.

మొదట పోయింది ఆరటస్. చిన్నప్పుడు పసుపు మీద నల్ల చారలతో చూపు తిప్పుకోనివ్వదు. పెరిగి పెద్దయిన మగది నల్లగా మారి ట్యాంకు మొత్తం నాదే అంటుంది. దాని పక్కన నెమ్మదైన రకం ఏదీ నిలవదు. రెండోది కెన్యీ. ఇది ఇంకో చిక్కు తెస్తుంది: ఆడవి, పిల్లలు నీలం మీద చారలతో ఉంటాయి, ఎదిగిన మగది పసుపుపచ్చగా మారుతుంది. అంటే మగ కెన్యీ రంగులో ఎల్లో ల్యాబ్‌కి పోటీ, ఆడ కెన్యీ డెమసోనీకి పోటీ. ఒకే చేప రెండు వైపులా తగువు తెచ్చిపెడుతుంది. పైగా స్వభావరీత్యా దూకుడెక్కువ.

ఈ రంగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎంబూనా మగది ఎదుటి చేపది ఏ జాతి అని చూడదు. తనలా కనిపిస్తోందా లేదా అనేదే దానికి ముఖ్యం. అదే రంగు, అవే చారలు, అదే ఒడ్డూ పొడవూ ఉంటే అది పోటీ మగది కిందే లెక్క. అదే పోలిక ఇంకో తప్పుకూ దారి తీస్తుంది. తన జాతి మగది దొరకని ఆడది దగ్గరి పోలిక ఉన్న మగదానితో జత కడుతుంది. పుట్టేవి సంకరం పిల్లలు. రెడ్ జీబ్రాని కొట్టేసింది ఇందుకే. ఎల్లో ల్యాబ్, రెడ్ జీబ్రా కలిసిన సంకరాలు ఎంతగా వ్యాపించాయంటే, "ఎల్లో ల్యాబ్" అని అమ్మేవాటిలో అసలుది ఏదో చూసి ఏరుకోవాలి. మంచి ల్యాబ్‌కి వీపు రెక్క అంచున నల్లటి పట్టీ తెగకుండా, స్పష్టంగా ఉంటుంది, మూతి సన్నగా ఉంటుంది. ఒంటి రంగు నారింజ వైపు తిరిగి, మూతి మొద్దుగా ఉండి, ఆ నల్ల పట్టీ మసకగా ఉంటే నేను తీసుకోను. "ఆఫ్రికన్ మిక్స్" అని ఒకే తొట్టిలో కలిపి అమ్మేవాటి జోలికి వెళ్లకండి. అందులో ఏది ఏ జాతో అమ్మేవాడికే తెలియదు. జాతి తెలియనప్పుడు పైన చెప్పిన లెక్క ఏదీ వేయలేం.

నాలుగోది సోకోలోఫీ. నిజానికి దాని తప్పేమీ లేదు. లేత నీలం రంగుతో అందంగా ఉంటుంది, స్వభావమూ ఫరవాలేదు. కానీ ప్రతి రకానికీ ఒక మగకు కనీసం మూడు ఆడవి ఉండాలి. ఆ లెక్కన నాలుగు రకాలు పెడితే ఈ ట్యాంకు మోయలేదు. ఆరేడు రకాలు రెండేసి చొప్పున పెట్టడం కన్నా మూడు రకాలు గుంపులుగా పెట్టడం ఎప్పుడూ మేలు. రెండే ఉంటే ఒకటి కొడుతుంది, ఒకటి దెబ్బలు తింటుంది. ఆ రెండోది ఎన్నాళ్లో ఉండదు.

అలా మిగిలినవి మూడు. ఎల్లో ల్యాబ్ నిండు పసుపు, 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రాళ్ల లోపలా బయటా తిరుగుతుంది. డెమసోనీ ముదురు నీలం మీద లేత నీలం చారలతో ఉంటుంది, 7-8 సెంటీమీటర్లు, రాళ్ల అడుగున ఉంటుంది. పసుపు తోక ఎసీ ఊదారంగులో, పొడుగాటి ఒంటితో 15 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది, పై నీళ్లలో గుంపుగా ఈదుతుంది. రంగులో, ఆకారంలో, తిరిగే చోటులో మూడూ మూడు దారులు. ఒకదాన్ని చూసి ఇంకోటి పోటీ అనుకునే అవకాశం తక్కువ.

పీకాక్‌లు కూడా కలపొచ్చు కదా అని అడుగుతుంటారు. అవీ మలావివే, నీళ్లూ సరిపోతాయి. కానీ పీకాక్ ఇసుక మీద నెమ్మదిగా తిరుగుతూ తిండి వెతుక్కునే చేప. ఎంబూనాల మధ్య తిండి దగ్గర వెనకబడుతుంది, భయంతో రంగు తేలదు. పీకాక్‌లు కావాలంటే వాటికే ట్యాంకు పెట్టండి. అందులోనూ రెండు మూడు రకాల ఆడవాటిని కలపకండి. అన్నీ బూడిదరంగులో ఒకేలా ఉంటాయి, తర్వాత ఏది ఏ రకమో విడదీయలేరు. గప్పీ, నియాన్ టెట్రా, గోల్డ్‌ఫిష్‌ల గురించి చెప్పాల్సిందేమీ లేదు, వద్దు.

అడుగున తిరగడానికి సైనోడాంటిస్ లూసిపినిస్ నాలుగు పెట్టాను. ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సు క్యాట్‌ఫిష్ కనుక గట్టి నీళ్లు దానికి అలవాటే. ఒంటి మీద పొలుసులుండవు కానీ చర్మం దళసరి, రెక్కల ముళ్లు గట్టివి, ఎంబూనాలు దాని జోలికి పోవు. దీనికి దగ్గరి చుట్టం మల్టీపంక్టేటస్‌ని మాత్రం పిల్లలు కావాలనుకునేవాళ్లు పెట్టకూడదు. దాన్ని కుకూ క్యాట్‌ఫిష్ అంటారు. సిక్లిడ్ గుడ్లు పెడుతున్నప్పుడు మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది. తల్లి సిక్లిడ్ వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందుగా బయటికొచ్చి, ఆ నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి.

ట్యాంకు సిద్ధం చేయడంలో రాళ్ల పని అన్నిటికన్నా ముఖ్యం. ఎంబూనాలు ఇసుక తవ్వుతాయి. ఇసుక పోసి దాని మీద రాళ్లు పేరిస్తే ఒకరోజు అడుగున ఇసుక జారి గుట్ట కూలుతుంది, అద్దం పగిలినా పగలొచ్చు. అందుకే అడుగు అద్దం మీద ముందు ప్లాస్టిక్ జాలీ పరిచి, పెద్ద రాళ్లు దాని మీద కదలకుండా కూర్చోబెట్టి, చుట్టూ ఇసుక పోశాను. రాళ్లను ఒకే కొండలా కాకుండా మూడు గుట్టలుగా, మూడు వంతుల ఎత్తు దాకా పేర్చాను. ఈ చివరి నుంచి చూస్తే ఆ చివర కనిపించకూడదు. తరిమేవాడికి తరిమించుకునేది కనుమరుగు కావాలి. కనిపించనిదాన్ని ఎంబూనా ఎక్కువసేపు వెతకదు. ప్రతి గుహకూ రెండు దారులు ఉండేలా చూశాను. ఒకే దారి ఉన్న గుహలో ఇరుక్కున్న చేప బయటికి రాలేక దెబ్బలు తింటుంది.

రాళ్లు, ఇసుక పోను ట్యాంకులో నీళ్లు సుమారు 210 లీటర్లు. గంటకు 1000 లీటర్లు తిప్పే ఫిల్టర్లు రెండు పెట్టాను. ఒక్కటే పెద్దది పెడితే అది ఆగిన రోజు అంతా ఆగిపోతుంది. పీహెచ్ నిలబడటానికి పగడపు రాళ్ల ముక్కలు జాలీ సంచిలో కట్టి ఒక ఫిల్టర్‌లో ఉంచాను. నీళ్లు మరీ మెత్తగా ఉన్నవాళ్లు మార్చే నీళ్లలో వంట సోడా కలుపుకోవచ్చు. 50 లీటర్లకు ఒక టీ స్పూను వేస్తే కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత) దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. ఎంత కలిపినా ప్రతిసారీ అంతే కలపాలి. వేడి 25 డిగ్రీలు. 28 దాటితే చేపల చురుకు పెరుగుతుంది, దాంతోపాటు కొట్లాటలూ పెరుగుతాయి.

చేపలన్నిటినీ ఒకేసారి దింపాలన్నది నా పట్టు. ఒక రకం ముందు దిగి రాళ్లు పంచేసుకుంటే, తర్వాత వచ్చేవి అందరి ఆస్తిలోకి చొరబడ్డట్టే. కానీ ఇరవై చేపలు ఒక్కరోజే దిగితే ఫిల్టర్ తట్టుకోవాలి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను, దాని నుంచి వచ్చే నైట్రైట్‌ను విరిచే బ్యాక్టీరియా అందులో ముందే పెరిగి ఉండాలి. అందుకని చేపలు లేకుండానే సీసా అమ్మోనియాతో ఫిల్టర్‌ని తయారుచేశాను. 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దాకా అమ్మోనియా వేయడం, అది సున్నా అయ్యాక మళ్లీ వేయడం. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగేదాకా ఆగాను. ఐదు వారాలు పట్టింది. ఈ ఓపిక మలావి ట్యాంకులో ఎందుకు తప్పదంటే, 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8.2 దగ్గర అదే 8 శాతం దాకా ఉంటుంది. వేరే ట్యాంకులో చేప తట్టుకునే కొలత ఇక్కడ మొప్పల్ని కాల్చేస్తుంది.

3-4 సెంటీమీటర్ల పిల్లల్ని తెచ్చాను: ల్యాబ్‌లు 8, ఎసీలు 7, డెమసోనీలు 6. పిల్లలప్పుడు ఆడ, మగ తేడా కనిపించదు, అందుకే ల్యాబ్, ఎసీలు కావాల్సినదానికన్నా ఎక్కువ తీసుకుని, ఎదిగాక అదనపు మగవాటిని తీసేయాలన్నది ఆలోచన. మూడు నెలలు అంతా సవ్యంగా నడిచింది.

నేను లెక్క తప్పింది డెమసోనీల దగ్గర. ట్యాంకులో అన్నిటికన్నా చిన్న చేప కదా, ఆరు చాలనుకున్నాను. నాలుగో నెలలో ఒక డెమసోనీ హీటర్ వెనక, నీటి పైఅంచుకు ఆనుకుని నిలబడటం మొదలుపెట్టింది. ముదురు నీలం వెలిసి బూడిదరంగు తేలింది, చారలకూ మధ్య భాగానికీ తేడా లేకుండా పోయింది. తోక అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంది. తిండి వేస్తే ఒక్క జానెడు కిందికి దిగి, చటుక్కున మళ్లీ పైకి వెళ్లిపోయేది. ఇలా కనిపిస్తే రేపు చూద్దాం అనుకోకూడదు. ఆ రోజే తీసి వేరే ట్యాంకులో వేయాలి. నేను మర్నాటి దాకా ఆగాను, పొద్దున్నకి చచ్చిపోయి ఉంది. అది పోయాక రెండోది అదే మూలకు చేరింది. దాన్ని తీసినా మూడోది. ఆరో నెలకి ట్యాంకులో పెద్ద మగది, ఇంకొకటి, రెండే మిగిలాయి. వేరే ట్యాంకులో ఇంకో రెండు బతికి ఉన్నాయి.

డెమసోనీ ఆడది, మగది ఒకేలా ఉంటాయి. అందువల్ల పెద్ద మగది తన జాతిలో ప్రతి చేపనూ పోటీగానే చూస్తుంది. వేరే రకాల జోలికి పెద్దగా పోదు, కోపమంతా సొంతవాళ్ల మీదే. ఆరు ఉంటే ఆ కోపం ఐదింటి మీద పడుతుంది, అందులోనూ అట్టడుగున ఉన్న ఒక్కదాని మీదే ఎక్కువ. పన్నెండో పదిహేనో ఉంటే ఒకదాన్ని తరుముతుండగా ఇంకోటి అడ్డం వస్తుంది, దాని వెంట పడేలోపు మూడోది. ఏదీ ప్రాణం మీదికి రాదు. కాబట్టి డెమసోనీ పెడితే పన్నెండుకు తగ్గకూడదు, లేదా అసలు పెట్టకూడదు. ఐదారు అన్న సంఖ్య దానికి లేనే లేదు.

దిద్దుకున్న తీరు ఇది. కొత్తగా 12 డెమసోనీ పిల్లల్ని తెచ్చి 60 లీటర్ల ట్యాంకులో, ప్రధాన ట్యాంకు నీళ్లతోనే పెంచాను. 5 సెంటీమీటర్లు దాటేదాకా రెండున్నర నెలలు పట్టింది. అంతకన్నా చిన్నవైతే పెద్ద ఎసీలు, ల్యాబ్‌లు ఊరుకోవు. దింపే రోజు ముందుగా పెద్ద మగ డెమసోనీని వలతో తీసి విడిగా పెట్టాను. మధ్య గుట్ట, కుడి గుట్ట విప్పి వేరే పద్ధతిలో పేర్చాను, దాంతో పాత హద్దులన్నీ చెరిగిపోయాయి. నీళ్లు 40 శాతం మార్చాను. లైట్లు ఆర్పి, పాత చేపలకు తిండి వేసి, అవి తింటుండగా పన్నెండింటినీ, విడిగా ఉన్న రెండింటినీ ఒకేసారి వదిలాను. పెద్ద మగదాన్ని వారం తర్వాత, రాత్రిపూట, అన్నిటికన్నా చివర కలిపాను. తిరిగి వచ్చేసరికి తన గుహలో వేరే మగది కూర్చుని ఉంది. రెండూ రెండు రోజులు మూతులు పట్టుకుని తోసుకున్నాయి, పాతది కుడి చివరి గుట్టతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత హీటర్ వెనక చేప నిలబడటం చూడలేదు.

రాళ్లు మార్చడం పనిచేస్తుంది కదా అని నెలకోసారి చేయకండి. హద్దులు తేలకపోతే ప్రతి రోజూ కొత్త కొట్లాటే. కొత్త చేపలు దిగే రోజుకు దాచుకోవాల్సిన ఉపాయం అది.

ల్యాబ్, ఎసీల్లో ఆడ మగ తేల్చడానికి కింది రెక్క మీది గుడ్డు మచ్చలు చూసి నిర్ణయించేవాళ్లున్నారు. మగవాటికి ఆ మచ్చలు స్పష్టంగా ఉండేమాట నిజమే కానీ ఆడవాటికీ ఉంటాయి, నమ్మడానికి లేదు. సరైన పద్ధతి ఒక్కటే. చేపను తడి చేత్తో పట్టి వెల్లకిలా తిప్పి, కింది రెక్క ముందున్న రెండు రంధ్రాలు చూడాలి. మగదానికి రెండూ దాదాపు ఒకే సైజు. ఆడదానికి రెక్క వైపు ఉన్నది వెడల్పుగా ఉంటుంది. చేప 6-7 సెంటీమీటర్లు దాటాకే ఇది కనిపిస్తుంది. పది సెకన్లకన్నా ఎక్కువ పట్టుకోవద్దు. ఎనిమిది ల్యాబ్‌లలో మూడు మగవి తేలాయి, రెండింటిని ఇచ్చేశాను. ఎసీల్లో రెండు మగవి, రెండూ ఉన్నాయి, ఐదు ఆడవాటి మధ్య అవి సర్దుకున్నాయి.

తిండి కూడా పొత్తులో భాగమే. డెమసోనీ రాళ్ల మీది నాచు గీక్కు తినే చేప, పేగు పొడుగు. ల్యాబ్ పురుగులు కూడా తింటుంది. ఇద్దరికీ ఒకే తిండి పడే చోట నాచు తినేదాన్ని బట్టే తిండి ఎంచాలి. స్పైరులినా అనే నాచు ఎక్కువ ఉన్న గుళికలు రోజుకు రెండుసార్లు, నిమిషంలో అయిపోయేంత వేస్తాను. ల్యాబ్‌కి దాంతో ఏ లోటూ రాలేదు. బ్లడ్‌వర్మ్, మాంసం లాంటివి ఎంబూనా ట్యాంకులో వేయను. వాటితోనూ, ఎడతెగని వేధింపుతోనూ మలావి బ్లోట్ అనే పొట్ట జబ్బు రావచ్చు. చేప గుళిక నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది, తెల్లటి దారంలా విసర్జిస్తుంది, తర్వాత పొట్ట ఉబ్బుతుంది. ఉమ్మేయడం కనిపించిన రోజే వేరు చేసి మెట్రోనిడజోల్ మందు మొదలుపెడితే బతికే అవకాశం ఉంది, పొట్ట ఉబ్బాక చాలా కష్టం.

గుళిక నోట్లో పెట్టుకోని చేపలన్నీ జబ్బువి కావు. దవడ కింద సంచిలా నిండుగా ఉండి, ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తూ ఉంటే అది గుడ్లు మోస్తున్న తల్లి. మూడు వారాలు దాదాపు ఏమీ తినదు. దాన్ని పట్టి వేరే ట్యాంకులో వేస్తే భయంతో గుడ్లు ఉమ్మేయొచ్చు, చాలా రోజులు బయట ఉంచి తెస్తే గుంపులో తన స్థానం పోతుంది. అందుకే నేను కదపను. తల్లి వదిలిన పిల్లల్లో చాలావరకు మిగతా చేపలకు ఆహారమైపోతాయి, రాళ్ల అట్టడుగున దూరినవి నిలుస్తాయి. ఇప్పుడు ఎడమ గుట్ట కింద గోరంత డెమసోనీ పిల్లలు మూడు ఉన్నాయి. అప్పుడే వాటిలో ఒకటి మిగతా రెండింటినీ ఒక గులకరాయి చుట్టూ తరుముతోంది.